కొలతకు చేసిన పన్ను: వైద్య పరికరాల నియంత్రణ చరిత్రలో డెంటల్ ల్యాబ్

ముందుగా ఒక సందర్భాన్ని ఊహించుకోండి. హసన్‌పర్తికి చెందిన ఒక రోగి హనుమకొండలోని దంతవైద్యుని దగ్గర ఇంప్లాంట్ పన్ను పెట్టించుకున్నాడు. దవడ ఎముకలోకి దిగిన టైటానియం స్క్రూ కంపెనీలో తయారై పెట్టెలో వచ్చింది. దాని మీద నిలబడే అబట్‌మెంట్ అనే మధ్య భాగాన్నీ, బయటికి కనిపించే క్యాప్‌నూ డెంటల్ ల్యాబ్‌లో అతని కొలతకు చేశారు. స్క్రూ తయారీకి లైసెన్సు తప్పనిసరి. ల్యాబ్‌లో కొలతకు చేసిన భాగానికి మినహాయింపు ఉంది. ఒకే నోట్లో ఒకదాని మీద ఒకటి ఉన్న వస్తువులకు చట్టం రెండు దారులు ఎందుకు చూపింది?

1940 నాటి ఔషధాల చట్టం చోప్రా కమిటీ విచారణ తరువాత వచ్చింది. అది బ్రిటిష్ ఇండియా చట్టం. హసన్‌పర్తి అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది కాబట్టి ఇక్కడ అది వర్తించలేదు. ఆ చట్టం దృష్టి అంతా మందుల మీదే. పరికరాలను ‘ఔషధం’ అనే నిర్వచనంలోకి తెచ్చే వీలు 1982 సవరణతో గానీ కలగలేదు.

ఈలోగా 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. ఇది దంతవైద్యులతో పాటు డెంటల్ హైజీనిస్టులను, డెంటల్ మెకానిక్‌లను కూడా గుర్తించి రిజిస్టర్లు ఏర్పరచింది. కట్టుడు పళ్లు చేసేవారు, బాగుచేసేవారు డెంటల్ మెకానిక్‌లు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ చట్టం పన్ను ఎవరు చేశారో చూసింది, చేసిన పన్ను ఎలా ఉందో చూడలేదు. ఆ రోజుల్లో అది పెద్ద లోపమేమీ కాదు. కట్టుడు పళ్లు ఒరుసుకుంటే రోగి తీసి గిన్నెలో పెట్టుకునేవాడు. 1965లో స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో బ్రోనెమార్క్ తొలి రోగికి టైటానియం ఇంప్లాంట్లు అమర్చిన తరువాత పరిస్థితి మారింది. ఎముకతో అతుక్కుపోయినదాన్ని రాత్రికి తీసి పెట్టలేం కదా!

మన దేశంలో వస్తువు మీద నిఘా ఆలస్యంగా మొదలైంది. ముంబయిలో స్టెంట్ల వివాదం హైకోర్టుకు చేరిన తరువాత, 2005 అక్టోబరులో కేంద్రం పది రకాల పరికరాలను నియంత్రణ కిందికి తెచ్చింది. స్టెంట్లు, గుండె కవాటాలు, ఎముకల ఇంప్లాంట్లు అందులో ఉన్నాయి. పంటి పేరు విడిగా లేదు. 2017 జనవరిలో ప్రకటించిన వైద్య పరికరాల నియమావళి 2018 జనవరి 1 నుంచి అమలైంది. ప్రమాదాన్ని బట్టి పరికరాలను ఎ, బి, సి, డి తరగతులుగా విభజించింది. ఎ, బి తరగతుల తయారీకి రాష్ట్ర అధికారులు, సి, డి తరగతులకు కేంద్ర అధికారులు లైసెన్సు ఇస్తారు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం పరిధిలోకి వచ్చాయి. ఎ, బి తరగతులకు 2022 అక్టోబరు నుంచి, సి, డి తరగతులకు 2023 అక్టోబరు నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది.

అయితే నియమావళి ఎనిమిదో షెడ్యూలు ఒక తలుపు తెరిచి ఉంచింది. వైద్యుడు రాతపూర్వకంగా కోరితే, ఆయన బాధ్యత మీద, ఒకే ఒక్క రోగి కోసం చేసిన పరికరానికి మినహాయింపు ఉంటుంది. లేబుల్ మీద మాత్రం ‘కస్టమ్ మేడ్ డివైస్’ అని ఉండాలి. పెద్ద సంఖ్యలో తయారైన వస్తువును రోగికి తగ్గట్టు సరిచేస్తే అది ఈ కోవలోకి రాదు. దర్జీ కొలత తీసుకుని కుట్టిన చొక్కా వేరు, రెడీమేడ్ చొక్కాకు చేతులు కురచ చేయడం వేరు.

చిక్కు మధ్యలో ఉంది. నేడు చాలా అబట్‌మెంట్లకు అడుగు భాగం కంపెనీది, పై భాగం ల్యాబ్‌లో కంప్యూటర్ సాయంతో చెక్కినది. రెండింటినీ అతికిస్తారు. ఇది దర్జీ పనా, సరిచేసిన రెడీమేడా? ఒకే యంత్రం రోజంతా చెక్కినా ప్రతి ముక్కా వేరే రోగిది కాబట్టి, పై భాగాన్ని కొలత పనిగానే చూడాలని మా అభిప్రాయం. అడుగు భాగం మాత్రం దాని కంపెనీ లైసెన్సుతోనే రావాలి.

ఈ మినహాయింపు చిన్న ల్యాబ్‌కు ఊపిరి. నలుగురు పనిచేసే చోట కర్మాగారానికి సరిపడే నాణ్యతా పత్రాలన్నీ నడపడం తేలిక కాదు. కానీ లైసెన్సు బరువు తీసేసినప్పుడు, ఆ బరువంతా వైద్యుని చీటీ మీద పడుతుంది. ఐరోపా సమాఖ్య కూడా కొలత పరికరాలను సాధారణ ఆమోదం నుంచి తప్పించింది. అయినా 2021 మే 26 నుంచి అమలైన అక్కడి నిబంధనల ప్రకారం, రోగి గుర్తింపు, చీటీ రాసిన వైద్యుని పేరు ఉన్న ప్రకటనను తయారీదారు రాసివ్వాలి. దాన్ని పదేళ్లు, శరీరంలో అమర్చేవాటికైతే పదిహేనేళ్లు భద్రపరచాలి. మన ఎనిమిదో షెడ్యూలు ఈ మినహాయింపుకు చీటీనీ లేబుల్‌నూ షరతుగా పెట్టిందే గానీ, అంతకాలం దాచే కాగితాన్ని అడగలేదు. లేబుల్ ఉన్న పొట్లం క్లినిక్‌లోనే చెత్తబుట్టలో పడుతుంది. ఎనిమిదేళ్ల తరువాత అబట్‌మెంట్ స్క్రూ వదులైతే, మన హసన్‌పర్తి రోగి మరో వైద్యుని దగ్గరికి వెళ్తాడు. అది ఏ కంపెనీదో తెలియకపోతే, సరిపోయే స్క్రూడ్రైవర్ వెతకడంతోనే వైద్యం మొదలవుతుంది.

అభ్యాసం: మీకు తెలిసినవారిలో ఇంప్లాంట్ పన్ను ఉన్న ఒకరిని అడగండి. స్క్రూ కంపెనీ పేరున్న కార్డు వారి దగ్గర ఉందా? అబట్‌మెంట్ చేసిన ల్యాబ్ పేరు తెలుసా? జవాబులను ఒక పుటలో రాసి తరువాతి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి. వారి పేరు రాయవద్దు.