పింగాణీ మీది నీలం ఎక్కడిది?

ఉర్దూ ఇళ్లలో చీనీ అంటారు, తెలుగులో పింగాణీ. తెల్లటి పళ్లెం మీద నీలం పువ్వులు కనబడితే చాలు, ‘చైనా కళ’ అనేస్తారు. మట్టి, పనితనం చైనావే. నీలం మాత్రం మొదట ఇరాన్ నుంచి వచ్చింది.

చైనాలోని జింగ్‌దెజెన్ ఈ పనికి పేరుపడ్డ ఊరు. 14వ శతాబ్దంలో, మంగోలుల యువాన్ వంశం ఏలుతుండగా, ముస్లిం వర్తకుల చేతుల మీదుగా అక్కడికి కోబాల్ట్ చేరింది. దాన్ని నూరి, పచ్చి పాత్ర మీద కుంచెతో బొమ్మ వేసి, పైన గాజుపూత పూసి, సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆ వేడికి తట్టుకుని నిలిచే రంగులు చాలా తక్కువ. ఈ నీలాన్ని చైనావాళ్లు ‘హుయ్‌హుయ్ చింగ్’ అన్నారు, అంటే ముస్లిం నీలం.

విచిత్రమేమిటంటే చైనా పెద్దమనుషులకు ఇది వెంటనే నచ్చలేదు. 1388 నాటి ఒక పుస్తకం దీన్ని మోటు సరుకని తీసిపారేసింది. కొన్నది ఎక్కువగా పశ్చిమాసియా. నలుగురూ ఒకే పళ్లెంలో తినే అలవాటుకు తగ్గట్టు పెద్ద పెద్ద పళ్లేలు అక్కడికి వెళ్లాయి. 1611లో ఇరాన్ చక్రవర్తి షా అబ్బాస్ అర్దబీల్‌లోని షేక్ సఫీ దర్గాకు వెయ్యికి పైగా చైనా పాత్రలు వక్ఫ్ చేశాడు. వాటి కోసం గోడల్లో గూళ్లతో ‘చీనీఖానా’ ఏర్పాటు చేశారు.

మింగ్ వంశంలో జెంగ్‌దె చక్రవర్తి కాలం (1506–1521) మరీ ఆసక్తికరం. అప్పటి కొన్ని నీలం పాత్రల మీద అరబ్బీ, పారసీ అక్షరాలే ఉన్నాయి. కుంచెలు ఆనించుకునే ఒక పీటమీద ‘ఖామాదాన్’ అని పారసీలో రాశారు. అది ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

జపాన్ ఆలస్యంగా మొదలుపెట్టింది. 1592–98 యుద్ధాల్లో కొరియా నుంచి తీసుకెళ్లిన కుమ్మరులే 17వ శతాబ్దం మొదట్లో అరితాలో పింగాణీకి పునాది వేశారు. బలవంతంగా తరలించినవాళ్ల పని అది. 1644లో మింగ్ వంశం కూలి చైనా సరుకు కరువవడంతో డచ్చి కంపెనీ అరితా వైపు తిరిగింది. 1659లో 50 వేలకు పైగా పాత్రలకు ఆర్డరిచ్చింది. అందులో పెద్ద వాటా యెమెన్‌లోని మోఖా రేవుకే. సరుకు ఓడకెక్కింది ఇమారి రేవులో కాబట్టి లోకం దాన్ని ఇమారి అనే పిలిచింది.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా, జపాన్ పింగాణీ రెండూ చూడొచ్చు.