ముద్రణకు సిద్ధమైన ఫైలు: వర్ణవిభజన చరిత్రలో తెలుగు పాఠం

రంగుల ముద్రణ చరిత్రను యంత్రాల చరిత్రగా చెప్పుకోవడం పరిపాటి. అయితే బొమ్మను అచ్చుకు అనువుగా రంగులవారీగా విడదీసే పని ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న అంతకంటె ముఖ్యమైనది. ఆ పని కంప్యూటర్ ఫైలులోకి చేరిన క్రమాన్ని, ఆ క్రమంలో తెలుగు పాఠానికి వాటిల్లిన నష్టాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

18వ శతాబ్ది తొలి దశకాలలో జాకబ్ క్రిస్టాఫ్ లె బ్లాన్ నీలం, పసుపు, ఎరుపు రంగులకు వేర్వేరు పలకలు సిద్ధం చేసి, ఒకదానిపై ఒకటి అద్ది వర్ణచిత్రాలు ముద్రించాడు. ఏ పలకపై ఏ రంగు ఎంత ఉండాలన్నది కంటి అంచనాయే. 19వ శతాబ్ది చివర హాఫ్‌టోన్ పద్ధతి స్థిరపడ్డాక ఆ పని కెమెరా ముందుంచిన ఫిల్టర్లకు మారింది. ఎర్ర ఫిల్టరు సయాన్ ప్లేటుకు, పచ్చది మెజెంటాకు, నీలిది పసుపుకు ఆధారమైంది. కాని సిరాలు ఆదర్శ వర్ణాలు కావు. మూడూ కలిస్తే నిండు నలుపు రాదు, మట్టిరంగు వస్తుంది. నల్ల ప్లేటు అవసరం అందుకే. నెగటివులను చేత్తో దిద్దే నిపుణుడి అవసరమూ చాలాకాలం తీరలేదు.

1984లో పోస్ట్‌స్క్రిప్ట్, 1985లో పేజ్‌మేకర్ వచ్చాక ఈ నిపుణత క్రమంగా ఫైలు తయారుచేసే వ్యక్తి మీదికి మళ్ళింది. 1993లో పీడీఎఫ్ వెలువడింది. పరికరాల మధ్య రంగుల పొంతన కోసం అంతర్జాతీయ వర్ణ సంఘం ఏర్పడినదీ ఆ యేడే. 2001 నాటి పీడీఎఫ్/ఎక్స్-1ఏ ప్రమాణం ఫాంట్లు ఫైలులోనే పొదిగి ఉండాలని, రంగులు తెరమీది ఆర్‌జీబీలో కాక ముద్రణ వర్ణాలలోనే ఉండాలని నిర్దేశించింది. ఒక విధంగా ఇది ఒప్పందపత్రం. ప్లేటు తప్పితే ప్రెస్సును నిలదీసిన రోజులు పోయి, ఫైలు ఇచ్చినవారినే నిలదీసే రోజులు వచ్చాయి.

తెలుగుకు ఇందులో ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఆర్‌జీబీలోని నల్లని అక్షరాన్ని మామూలుగా మారిస్తే అది నాలుగు ప్లేట్ల మీదికీ చీలుతుంది. ప్లేట్ల కుదురు వెంట్రుకవాసి తప్పినా చిన్న సైజులోని ఒత్తుల చుట్టూ రంగు నీడలు కనబడతాయి. అక్షరం నల్ల ప్లేటులో మాత్రమే ఉండాలన్న నియమం అందువల్లనే.

ఇది సులువుగా తీరే చిక్కు. రెండవది అటువంటిది కాదు. తెలుగు 1991 నుండే యూనికోడ్‌లో ఉన్నా, పుటలు కూర్చే సాఫ్ట్‌వేర్ తెలుగు సంయుక్తాక్షరాలను చాలాకాలం గుర్తించలేదు. అందుచేత డీటీపీ ఫాంట్లు తలకట్టు, గుడి, ఒత్తు మొదలైన ముక్కలను రోమన్ అక్షరాల స్థానాలలో ఉంచాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే కనబడేది అర్థంలేని రోమన్ వరుస. ప్రెస్సుకు పంపేముందు అక్షరాలన్నిటినీ కర్వ్‌లుగా, అంటే వట్టి గీతలుగా, మార్చే అలవాటు దీనివల్ల బలపడింది. ముద్రణ దృష్టితో ఇది తెలివైన పరిష్కారమే. కాని అప్పటినుండి ఆ ఫైలులో ఉన్నది తెలుగు కాదు, తెలుగు ఆకారాల బొమ్మ. అందులో పదం వెదకలేము, అక్షరం దిద్దలేము.

గ్రంథపరిష్కర్తకు దీని పర్యవసానం చిన్నది కాదు. చివరి ప్రూఫు దిద్దుబాట్లు ఒక్కోసారి ఆ బొమ్మ-ఫైలుకు ముందున్న ప్రతిలో చేరవు. పునర్ముద్రణకు మళ్ళీ టైపు చేయించాలి, లేదా పాత ఫాంటు పాఠాన్ని మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి తేవాలి. మొదటి దారిలో కొత్త అచ్చుతప్పులు, రెండవ దారిలో ఒత్తులు జారడం, గుణింతాలు తారుమారు కావడం సంభవిస్తాయి. డీటీపీ కాలపు గ్రంథాల ముద్రణలను సరిపోల్చేటప్పుడు పాఠభేదం కనబడితే, దానిని రచయిత సవరణగా నిర్ణయించేముందు ఆ పుస్తకం ఏ ఫైలు నుండి మళ్ళీ అచ్చయిందో విచారించవలసి ఉంటుంది.