రివాల్వరు ఎంతకాలం మన్నుతుంది?

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ధవళేశ్వరం ఆనకట్ట గురించో మన కాలువల గురించో వ్రాద్దామనుకున్నాను. ఆ విషయాలు నాకంటె బాగా తెలిసినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ఈలోగా అమలాపురంలో ఉండే నా బాల్యమిత్రుడు ఒక ప్రశ్న వేశాడు. దానికి సమాధానం వెతుకుతూ పోతే అదే ఒక వ్యాసమైంది.

మిత్రుడిది కొబ్బరి వ్యాపారం. వయస్సు డెబ్బయి నాలుగు. వాళ్ళ నాన్నగారి కాలం నుంచి ఇంట్లో ఒక సీమ రివాల్వరు ఉంది. మధ్యకు విరిచి తూటాలు పెట్టే వెబ్లీ రకం. 1996 నవంబరు 6 నాటి తుపానులో ఇంటిపెంకులు ఎగిరిపోయి, ఇనప్పెట్టెతో సహా అది తడిసింది. ఆ తరువాత దాని గొళ్ళెం కొంచెం వదులైంది. "ఏమోయ్, ఆ ఫైళ్ళన్నీ నువ్వు చూసినవాడివి గదా. ఇది ఇచ్చేసి, గట్టిగా మన్నే డబుల్ యాక్షన్ రివాల్వరు కొత్తది తీసుకోనా, వద్దా?" అని అడిగాడు.

నేను తుపాకి కాల్చి ఎరుగను. కాని రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరినవాణ్ణి కనుక, కొన్నేళ్ళు ఆయుధాల లైసెన్సుల సీటు చూశాను. అందుచేత ముందు ఆ వస్తువు పుట్టుపూర్వోత్తరాలు, తరువాత దాని కాగితాల కథ మనవి చేస్తాను.

తొలి రోజుల రివాల్వర్లలో ప్రతి తూటాకూ గుర్రాన్ని బొటనవ్రేలితో వెనక్కి లాగి, ఆపైన ట్రిగ్గరు నొక్కవలసి వచ్చేది. దీనిని సింగిల్ యాక్షన్ అంటారు. అమెరికాలో కోల్ట్ చేసినవి ఇవే. 1851లో ఇంగ్లండులో రాబర్ట్ ఆడమ్స్ ఇంకొక పద్ధతి తెచ్చాడు. ట్రిగ్గరు నొక్కితే చాలు, తూటాల చక్రం ఒక గది తిరుగుతుంది, గుర్రం లేస్తుంది, పడుతుంది. అదే సంవత్సరం లండనులో జరిగిన మహాప్రదర్శనలో కోల్టు, ఆడమ్సు రెండూ పక్కపక్కనే జనం కంట పడ్డాయి. ఆడమ్సులో వేగం ఉంది గాని ట్రిగ్గరు బరువు. బలంగా లాగేసరికి గురి చెదిరేది. బోమాంట్ అనే ఇంజనీరు సైనికాధికారి 1856లో రెండు పద్ధతులనూ ఒకే యంత్రంలో కలిపాడు. తీరిక ఉంటే గుర్రం లాగి గురి చూడవచ్చు, లేకపోతే ట్రిగ్గరు ఒక్కటే లాగవచ్చు. ఈనాటికీ డబుల్ యాక్షన్ అంటే సాధారణంగా ఇదే.

1887లో బ్రిటిష్ సైన్యం వెబ్లీ రివాల్వరును స్వీకరించింది. పై గొళ్ళెం తీసి గొట్టాన్ని కిందికి వంచితే కాలిన తూటాలు వాటంతటవే బయటికి వస్తాయి. సైన్యంలోను, పోలీసులలోను ఉన్న తెల్ల అధికారుల నడుముకు వేలాడి ఈ రకం మన దేశమంతా తిరిగింది. మా మిత్రుడి ఇంట్లో ఉన్నది ఆ వంశంలోదే.

అయితే మనవాళ్ళ నడుముకు ఎందుకు వేలాడలేదు? దానికి 1878 నాటి ఆయుధాల చట్టం కారణం. లిట్టన్ వైస్రాయిగా ఉండగా వచ్చిన ఆ చట్టం ప్రకారం భారతీయుడు ఆయుధం ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. తెల్లవారికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అహింసామూర్తి గాంధీజీ సైతం 1918లో ఖేడా జిల్లాలో వేసిన కరపత్రంలో, జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన ఈ చట్టాన్ని తీవ్రంగా తప్పుపట్టారు.

ఆయుధం లేని జనం ఏమయ్యారో మన గోదావరి తీరమే సాక్ష్యం చెబుతుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను అల్లూరి సీతారామరాజు ముట్టడించాడు. తుపాకులు కొనే దారి లేని మన్యం వీరులకు స్టేషనులోని తుపాకులే గతి. 1931 మార్చిలో కొత్తపేట తాలూకా వాడపల్లిలో వెంకటేశ్వరస్వామి రథోత్సవం జరిగింది. రథం మీద గాంధీజీ పటం పెట్టారని పోలీసులు అభ్యంతరం చెప్పారు. గొడవ పెరిగి, చివరికి కాల్పులు జరిగి, రథం లాగవచ్చిన వాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈనాడు వాడపల్లికి శనివారాలు వెళ్ళి ఏడు ప్రదక్షిణలు చేసే భక్తులలో ఈ సంగతి ఎందరికి గుర్తుందో!

స్వరాజ్యం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు. 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. జాతిభేదం లేదు. ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చు. పోలీసు రిపోర్టు వచ్చాక కలెక్టరుగారు జిల్లా మేజిస్ట్రేటు హోదాలో తేలుస్తారు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడేదాకా మనకు కలెక్టరు కాకినాడలోనే గనుక, రాజోలు అర్జీదారుకైనా కొత్తపేట అర్జీదారుకైనా గోదావరి పాయలు దాటి తిరగక తప్పేది కాదు. అర్జీదారులలో నాకు ఎక్కువగా తగిలింది చేతిలో రొక్కం తిరిగే కొబ్బరి వర్తకులు, మిల్లుల వారు. ప్రాణభయం అని వ్రాసేవారు. భయం కొందరిది, హోదా కొందరిది. ఏది ఎవరిదో కాగితం మీద తెలిసేది కాదు.

ఇక మన్నిక సంగతి. 1980ల మధ్యలో వ్యక్తిగత తుపాకుల దిగుమతికి ప్రభుత్వం గేటు వేసింది. దానితో పాత సీమ సరుకుకు ధర పెరిగిపోయింది. కొత్తది కావాలంటే చాలాకాలం పాటు కాన్పూరు ప్రభుత్వ కర్మాగారంలో తయారయ్యే 32 బోరు రివాల్వరే దిక్కయింది. అది వెబ్లీ పోలికలోనే మధ్యకు విరిచే రకం. 2014లో అక్కడి నుంచే 'నిర్భీక్' అనే తేలిక రివాల్వరు వచ్చింది. టైటానియం మిశ్రమలోహం, బరువు అర కిలో, అప్పటి ధర సుమారు 1 లక్షా 22 వేలు. 2021 అక్టోబరులో ఆర్డినెన్సు ఫ్యాక్టరీల బోర్డును ఏడు కంపెనీలుగా విడదీశారు. వాటిలో ఒకటి 2023 ఆగస్టులో 'ప్రబల్' అనే రివాల్వరును విడుదల చేసింది. ఇందులో గొట్టం వంగదు, తూటాల చక్రమే పక్కకు తెరుచుకుంటుంది. బరువు 700 గ్రాములు, 50 మీటర్ల దాకా పని చేస్తుందని చెప్పారు.

వీటిలో ఏది గట్టిది? విరిచే రకంలో ప్రతి కాల్పు దెబ్బా బందు మీద, గొళ్ళెం మీద పడుతుంది. వాడగా వాడగా అవి వదులవుతాయి. చక్రం పక్కకు తెరిచే రకంలో చట్రం ఒకే ముక్క కనుక సహజంగా దృఢం. అయితే సినిమాలో లాగా మణికట్టు విదిల్చి చక్రాన్ని టక్కున మూస్తే దాని ఇరుసు వంగుతుంది. డబుల్ యాక్షన్ ఏదైనా సరే, లోపల చిన్న చిన్న భాగాలు ఎక్కువ. ఒక్క లాగుడుతో మూడు పనులు చేయాలి గదా! వాటిలో ఏది అరిగినా చక్రం తన చోట సరిగా ఆగదు.

కాని కోనసీమలో రివాల్వరును తినేది కాల్పులు కావు, గాలి. లైసెన్సుదారులు ఏడాదికి పది తూటాలు కూడా కాల్చరు. సముద్రపు ఉప్పుగాలి మాత్రం మూడు వందల అరవై అయిదు రోజులూ వీస్తుంది. తోలు సంచిలో ఉంచితే తోలు చెమ్మను పట్టి ఇనుముకు అంటగడుతుంది. మా మిత్రుడు ఇంట్లో ఉన్నదే గదా అని చాలాకాలం కొబ్బరినూనె రాశాడు. అది కొన్నాళ్ళకు జిగురై లోపలి భాగాలను పట్టేసింది. యంత్రాలకు వాడే నూనె రాసి, గుడ్డతో తుడిచి, పొడిచోట పెడితే పాతదే ఇన్నాళ్ళూ బాగుండేది. కనుక "మన్నేది ఏది?" అంటే చక్రం పక్కకు తెరుచుకునే రకమే అని నా సమాధానం. అతడు సంతోషించాడు.

కాని నాకు సంతోషం కలగలేదు. కారణం ఒక పాత ఫైలు.

1980ల చివర, నేను పనిచేసిన ఒక కార్యాలయానికి ఒక పెద్దావిడ వచ్చింది. భర్త పోయాడు, ఆయన రివాల్వరు ఇంట్లో ఉంది, ఏం చేయాలో చెప్పమని అర్జీ. వారసుల ధ్రువపత్రం జతపరచలేదని నేను త్రిప్పి పంపాను. రెండవసారి పిల్లల సంతకాలు లేవని, మూడవసారి లైసెన్సు అసలు ప్రతి లేదని పంపాను. కొర్రీలన్నీ సక్రమమైనవే. కాని లైసెన్సుదారు పోతే ఆయుధాన్ని ఆలస్యం లేకుండా దగ్గర పోలీసు స్టేషనులోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలని చట్టం 21వ సెక్షను చెబుతోంది. "అమ్మా, ముందు స్టేషనులో అప్పగించి రశీదు తీసుకోండి, మిగతా కాగితాలు తరువాత చూద్దాం" అనే ఒక్క మాట నా నోట రాలేదు. ఎనిమిది నెలలు గడిచాయి. ఒకనాడు ఆమె మనవడు, ఎనిమిదేళ్ళ పిల్లవాడు, ట్రంకుపెట్టెలో పట్టుచీరల కింద ఉన్న రివాల్వరు తీసి చెల్లెలికి గురిపెట్టి ఆడాడట. తూటాలు వేరే బీరువాలో ఉండబట్టి సరిపోయింది. ఆవిడ వచ్చి ఈ సంగతి చెప్పింది గాని నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఆ తరువాత అలాంటి అర్జీ వస్తే ముందు ఆ మాటే చెప్పేవాణ్ణి.

ఈ ఉదంతం చెప్పేసరికి మిత్రుడి భార్య లోపలి నుంచి వచ్చి, "అన్నయ్యగారూ, ఇనుము ఎన్నాళ్ళు మన్నుతుందో ఈయన అడుగుతున్నారు. ఈయన తరువాత అది ఎవరి చేతిలో ఉంటుందో మీరు అడగండి" అంది. ఈ వ్యాసంలో అసలు ప్రశ్న ఆవిడదే.

2016 ఆయుధాల నిబంధనలలో మన వయస్సువారు తెలుసుకోదగిన ఒక వెసులుబాటు ఉంది. లైసెన్సుదారుకు డెబ్బయి ఏళ్ళు నిండినా, లేక ఆయుధం పాతికేళ్ళు తన దగ్గర ఉన్నా, బ్రతికి ఉండగానే వారసుని పేర లైసెన్సు కోరవచ్చు. వారసునికి 21 ఏళ్ళు నిండాలి, విచారణ మామూలే. 2019 సవరణతో ఒక్కొక్కరు ఉంచుకోగల ఆయుధాల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది. వీటికి తోడు ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషనులో డిపాజిట్ చేయమనటం, రశీదు తీసుకోవటం, మళ్ళీ విడిపించుకోవటం ఉండనే ఉన్నాయి.

మిత్రుడు పిల్లలకు ఫోను చేశాడు. పెద్దవాడు హైదరాబాదులో అపార్టుమెంటులో ఉంటాడు. "చిన్నపిల్లలున్న ఇల్లు నాన్నా, వద్దు" అన్నాడు. రెండవవాడు అమెరికాలో ఉన్నాడు, తిరిగి వచ్చే ఆలోచన లేదు. ఇక కొత్త రివాల్వరు ముప్పై ఏళ్ళు మన్నితే మాత్రం ఎవరికి లాభం? వారం రోజులు ఆలోచించి, పాతదాన్ని అప్పగించి, లైసెన్సు రద్దుకు అర్జీ పెట్టాడు. స్టేషను మెట్లు దిగుతూ, "మా నాన్న చెయ్యి వదిలినట్టుందిరా" అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు. దాచిన సొమ్ములో కొంత పెట్టి వీధి వసారాకు ఇనుప కటకటాలు, మంచి దీపం వేయించాడు.

అందరూ ఇలాగే చేయాలని నేను అనను. తోటలో ఒంటరిగా ఉండే వారికి, నిజంగా ప్రాణభయం ఉన్నవారికి చట్టం ఇచ్చిన హక్కు అది. పూర్వులకు లేని హక్కు. కొనేవారు గట్టిదే కొనాలి. కాని కొనకముందే దాని తరువాతి యజమాని పేరు కాగితం మీద వ్రాయగలగాలి.

కనుక మన సభ్యులకు ఒక మనవి. మీ ఇంట్లో గాని, అన్నదమ్ముల ఇళ్ళలో గాని పెద్దల నాటి తుపాకి ఉంటే లైసెన్సు ఎవరి పేర ఉన్నది, గడువు ఎప్పటిదాకా ఉన్నది ఈ వారమే చూడండి. పెన్షను పుస్తకం ఎక్కడున్నదో ఇంట్లో చెప్పినట్టే, ఆ లైసెన్సు ఎక్కడున్నదో కూడా చెప్పండి. లైసెన్సుదారు కాలం చేసి ఉంటే, కాగితాలన్నీ కూడేదాకా ఆగకుండా ముందు స్టేషనుకు వెళ్ళి అప్పగించి రశీదు తీసుకోండి. ఆనాడు ఆ పెద్దావిడకు చెప్పవలసిన మాట ఇది. ఆలస్యంగానైనా ఇక్కడ చెబుతున్నాను.