పైకప్పు లేని విమానమునకు దారి చూపినవి

1918 మే 15వ తేదీన వాషింగ్టన్ నగరమున, పొటోమాక్ నదీతీరమందలి పోలో మైదానమునుండి, దేశాధ్యక్షుడగు ఉడ్రో విల్సన్ కన్నులార చూచుచుండగా, అమెరికా తపాలాశాఖవారి మొదటి విమానము ఉత్తరముల మూటలతో ఫిలడెల్ఫియాకు బయలుదేరెను. దానిని నడపిన జార్జి బాయిల్ సైనిక శిక్షణాలయమునుండి అప్పుడప్పుడే వెలువడిన యువకుడు. మోకాళ్ళపై ఒక పటము, ఎదుట ఒక కంపాసు, క్రింద రైలుపట్టాలు; ఇంతకుమించి ఆయనకు దారి చూపునవి లేవు. ఆయన నమ్మి వెంబడించిన పట్టాలు వేఱొక దిక్కునకు పోవునవి యగుటచే, ఈశాన్యమునకు పోవలసిన విమానము దక్షిణమునకు పోయి, మేరీలాండ్ రాష్ట్రమున వాల్డార్ఫ్ అను ఊరికి చేరువ పొలములో దిగి ప్రొపెల్లరు విఱుగగొట్టుకొనెను. ఉత్తరములు నేలమార్గమున వెనుకకు వచ్చినవి.

ఆనాటినుండి నేటివఱకు బాయిల్‌ను పరిహసించుట విమానచరిత్రలు వ్రాయువారికి అలవాటైపోయినది. నాకది అన్యాయముగ తోచును. ఆయన కూర్చుండినది కర్టిస్ జెన్నీ విమానమున. అందు తలపై కప్పు లేదు. ముఖమున కెదురుగ ఒక చిన్న గాజుపలక తప్ప, గంటకు డెబ్బది మైళ్ళ వేగముతో మీదికి వచ్చు గాలికి అడ్డు లేదు. పటమును విప్పినచో గాలి లాగికొని పోవును; మడచినచో కావలసిన భాగము కనబడదు. ఒక చేయి విమానమును నడపు దండమునకే అంకితము. ఇంజను అదురునకు కంపాసు నిలకడగ నిలువదు. ఇట్టి చోట చదువుట యనునదే ఒక సాహసకార్యము. ఇట్టి విమానములలో దారి తెలిసికొనుటకు మానవుడు చేసిన ప్రయత్నముల చరిత్రను పరికించితిమేని, అది యంతయు గాలితోను వెలుగుతోను జరిగిన పోరాటమే యని తెలియగలదు. అందును విశేష మేమనగా, తొలినాళ్ళలో వెలుగు చాలక చోదకులకు ప్రాణముమీదికి వచ్చినది; మన నాళ్ళలో వెలుగు మిక్కుటమై చేతిలోని పటమే కనబడకుండ పోయినది.

విమానతపాలాకు నాంది పలికినది మన దేశమే. 1911 ఫిబ్రవరి 18న హెన్రీ పెకే అను ఫ్రెంచి చోదకుడు అలహాబాదునుండి యమునానది దాటి నైనికి సుమారు 6,500 ఉత్తరములను చేర్చెను. కాని అది ఆఱు మైళ్ళ ప్రయాణము. గాలిలోనికి లేచినంతనే ఆవలిగట్టు కనబడును. దారి తెలియుట యను చిక్కు దూరము పెరిగినకొలది పుట్టినది.

న్యూయార్కు, శాన్‌ఫ్రాన్సిస్కో నగరముల నడుమ ఖండమంతయు దాటు తపాలామార్గము 1920లో ఏర్పడెను. పగలు విమానము, రాత్రి రైలు. ఇట్లు మార్చి మార్చి మూటలు పోవుచుండెను. రాత్రియు ఎగురజాలనిచో ఈ శాఖకు ధనమేల యని చట్టసభలో సందేహము లెగయుచుండగా, 1921 ఫిబ్రవరి 22న రెండు తీరములనుండియు రెండేసి విమానములు బయలుదేరెను. పడమటినుండి వచ్చిన వానిలో ఒకటి నెవాడాలో కూలి చోదకుడు మరణించెను. తూర్పునుండి వచ్చినవి చికాగోను దాటజాలకపోయెను. మిగిలిన ఒక్క విమానమును నెబ్రాస్కాలోని నార్త్ ప్లాట్ వద్ద జాక్ నైట్ అను చోదకు డందుకొనెను. ఆయన ఒమాహా వఱకు మాత్రమే పోవలసినవాడు. దారిపొడవున రైతులును తపాలా ఉద్యోగులును, మన పల్లెలలో భోగినాటి తెల్లవాఱుజామున వీథివీథిని కనబడునట్లు, మంటలు రగిల్చి యుంచిరి. ఒమాహా చేరునప్పటికి అర్ధరాత్రి దాటి గంట యయ్యెను. అచ్చట మూటలందుకొనవలసిన చోదకుడు మంచుకు చిక్కి రాలేకపోయెను. అచ్చటినుండి చికాగోకు పోవు దారిని నైట్ పగటివేళనైనను ఎన్నడు ఎగిరినవాడు కాడు. అయినను రోడ్ల పటమొకటి పుచ్చుకొని మరల విమానమెక్కెను. నడుమ అయోవా సిటీలో కావలివాడొక్కడు వెలిగించిన జ్యోతిని చూచి దిగి, పెట్రోలు పోయించుకొని, తెల్లవాఱిన పిమ్మట చికాగో చేరెను. తక్కినవారు ఆ మూటలను న్యూయార్కు చేర్చునప్పటికి మొత్తము 33 గంటల 20 నిమిషములు పట్టెను. ఉత్తరము రైలుమీద పోయినచో నాలుగు దినములకు పైబడుచుండెను. ఆ రాత్రి నైట్‌ను నడపినది ఒడిలోని పటముకంటె నేలమీది మంటలే యని నా తలంపు. తాను చదువలేని దానిని ఎవరో ముక్కు మొగ మెఱుగనివారు మంటలతో నేలమీద వ్రాసి చూపిరి.

ఆ మంటలనే తపాలాశాఖవారు శాశ్వతము చేసిరి. చికాగో, షయెన్ నగరముల నడుమ మొదలిడి, సుమారు పది మైళ్ళకొక ఉక్కుస్తంభమును, దానిపై సుడితిరుగు దీపమును నెలకొల్పి, 1924 జూలై 1వ తేదీనుండి రాత్రి తపాలాను క్రమముగ నడపిరి. స్తంభపు మొదట పసుపురంగు పూసిన పెద్ద కాంక్రీటు బాణము తరువాతి దీపము దిక్కును చూపుచుండెను. అట్టి బాణములు కొన్ని పడమటి రాష్ట్రముల బీళ్ళలో రంగు వెలిసి నేటికిని కనబడును. 1930లలో ఫీబీ ఓమ్లీ అను మహిళాచోదకురాలి పూనికచే ఊళ్ళ పేరులను గోదాముల పైకప్పులపై పెద్ద అక్షరములతో వ్రాయించిరి. ఆ పనిలో ముఖ్యురాలైన బ్లాంచ్ నోయిస్, రెండవ ప్రపంచయుద్ధము రాగానే, శత్రువులకు దారి తెలియకుండుటకై ఆ అక్షరములనే చెరపించవలసి వచ్చెను. ఇంత చేసినను 1918 మొదలు 1926 వఱకు ఆ శాఖలో ప్రాణములర్పించిన చోదకులు ముప్పదిమందికి పైబడిరి.

నేలపై గుర్తులు పెట్టవచ్చును, సముద్రముపై పెట్టుట యెట్లు? 1931లో ఫ్రాన్సిస్ చిచెస్టర్ అను ఆంగ్లేయుడు న్యూజీలాండునుండి ఆస్ట్రేలియాకు టాస్మన్ సముద్రముమీదుగ జిప్సీ మాత్ విమానమున ఒంటరిగ బయలుదేరెను. ఆ చిన్న విమానము ఒక్క విడతలో అంత నీటిని దాటజాలదు. నడుమ నార్ఫోక్, లార్డ్ హౌ అను రెండు దీవులకడ దిగి తీరవలెను. నార్ఫోక్ పొడవు ఐదు మైళ్ళు, వెడల్పు మూడు. సుమారు ఐదువందల మైళ్ళ నీటికావల నున్న ఆ గడ్డను తప్పినచో మరలివచ్చుటకు పెట్రోలు లేదు. దండమును మోకాళ్ళతో నొక్కిపట్టి, గాలిలోనికి తల యెత్తి, సెక్స్‌టెంటును కంటికానించి సూర్యుని ఎత్తు కొలచి, వెంటనే తల వంచి పట్టికలు చూచి లెక్క కట్టవలెను. ఆ నడుమ విమానము ఒరగకుండ చూచుకొనవలెను. సూర్యుని ఒక్క కొలతవలన తానొక రేఖపై ఉన్నాడని తెలియునే కాని, ఆ రేఖపై ఏ తావుననో తెలియదు. తిన్నగ పోయి తప్పినచో ద్వీపము కుడినున్నదో ఎడమనున్నదో చెప్పువారెవరు? కావున ఆయన బుద్ధిపూర్వకముగనే ఒక ప్రక్కకు తొలగి పోయెను. ఆ రేఖను చేరితినని లెక్క తేలినంతనే రెండవ ప్రక్కకు మరలి, దానివెంటనే సాగగా ద్వీపము ఎదురుపడెను. లార్డ్ హౌ వద్ద గాలివానకు విమానము నీటిలో పడి ధ్వంసము కాగా, ద్వీపవాసుల సాయమున దానిని మరల నిర్మించుకొని ఆస్ట్రేలియా చేరెను. ఈ చరిత్ర యంతటిలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టమిదియే. ఏలయన, తన సాధనపు లోపమును ఎఱిగినవాడు ఆ లోపమునే ఎట్లు ఆధారము చేసికొనవచ్చునో ఆయన చూపెను.

తరువాతి కాలమున రేడియో సంకేతములు వచ్చినవి. ప్రయాణికుల విమానములకు పైకప్పులును గాజు కిటికీలును వచ్చినవి. గాలికి ఒడ్డి కూర్చుండు పాతరీతి శిక్షణ విమానములలో మాత్రము నిలిచెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున మన బేగంపేటలోని ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రెయినింగ్ స్కూలులో యువకులు టైగర్ మాత్‌లపై విద్య నేర్చినప్పుడు వారికున్నవి కంపాసు, గడియారము, పటము, పెన్సిలు. ముందు కూర్చుండిన గురువు మాటగొట్టములో అరచిన మాటయే ఉపదేశము. అమెరికాలో యుద్ధానంతరము వేలకొలది స్టియర్‌మన్ శిక్షణ విమానములు అమ్మకమునకు వచ్చి, పొలములపై మందు చల్లువారికిని, ముచ్చటకై ఎగురువారికిని దక్కినవి. 1970ల చివర అల్ట్రాలైట్ అను మిక్కిలి తేలికైన విమానములు వానికి తోడైనవి. ఇట్టివానిలో పెక్కింటికి విద్యుత్తు పుట్టించు యంత్రమే లేదు గనుక, పెద్ద విమానముల రేడియో సాధనములు వీనికి అందని పండ్లే యయ్యెను.

ఆ లోటును తీర్చినవి ఉపగ్రహములు. అమెరికా సైన్యము 1978లో మొదటి జీపీఎస్ ఉపగ్రహమును పంపెను. 1983 సెప్టెంబరు 1న కొరియా ప్రయాణికుల విమానము దారి తప్పి సోవియట్ గగనమున ప్రవేశించి కూల్చివేయబడగా, ఈ వ్యవస్థను లోకులందఱకు తెరతుమని అధ్యక్షుడు రీగన్ ప్రకటించెను. 1989లో మాగెల్లాన్ సంస్థ చేతిలో పట్టదగిన సాధనమును అమ్మజొచ్చెను. దాని వెల సుమారు మూడువేల డాలర్లు. అదే సంవత్సరమున గ్యారీ బరెల్, మిన్ కావో అనువారు కాన్సాస్ రాష్ట్రమున స్థాపించిన సంస్థ గార్మిన్ అను పేర ప్రసిద్ధి కెక్కి, విమానాశ్రయముల పట్టికలతో కూడిన చిన్న సాధనములను చోదకుల చేతికిచ్చెను. 2000 మే నెలలో, పౌరుల కిచ్చు సంకేతమున బుద్ధిపూర్వకముగ కలిపిన దోషమును అధ్యక్షుడు క్లింటన్ తొలగింపగా, నూఱు మీటర్ల పొరపాటు ఇరువదికి లోబడెను. చిచెస్టర్ లెక్కలు కట్టి కట్టి సాధించినది ఇప్పుడు నాలుగు బ్యాటరీలతో మోకాలిపై తనంత తానే కనబడజొచ్చెను.

కనబడవలెను గదా! చిక్కంతయు అచ్చటనే వచ్చినది. మిట్టమధ్యాహ్నపు టెండ సుమారు లక్ష లక్సులు. ఆ యెండలో తెల్లచొక్కా చదరపు మీటరుకు సుమారు 25,000 క్యాండెలాల వెలుగును వెదజల్లును. సామాన్యమైన గాజు తనపై బడినదానిలో నూటికి నాలుగు పాళ్ళు తిరుగగొట్టును; అనగా వేయి క్యాండెలాలు. సాధారణపు టాబ్లెటు తెర తనంతట తా నీయగల వెలుగు సుమారు ఐదువందలు. కావున పైకప్పు లేని విమానమున టాబ్లెటును ఒడిలో నుంచుకొని వంగి చూచిన చోదకునకు, దారి కనబడుటకు మాఱుగా, తన చొక్కా ప్రతిబింబమే రెట్టింపు కాంతితో కనబడును. దీనికి తోడు చోదకుడు పెట్టుకొను నల్లని కంటద్దములు పోలరైజ్డ్ రకమువైనచో, కొన్ని కోణములయందు తెర యంతయు కారునలుపగును. వేడిమి మరియొక బాధ: ఐప్యాడును 35 డిగ్రీల సెంటీగ్రేడు దాటని తావులనే వాడవలెనని దానిని చేసినవారే నిర్దేశించిరి, అంతకు మించి కాగినచో అది తనను తాను కాపాడుకొనుటకై పనిమానును.

ఈ కష్టమునకు ఉపాయము ఎండతో పోటీపడుట కాదు, ఎండనే పనికి పెట్టుట. ద్రవస్ఫటికపు పొరవెనుక వెలుగును కొంత తిరుగగొట్టు పొరనమర్చినచో, సూర్యకాంతియే లోనికి పోయి పటమును వెలిగించి వెలుపలికి వచ్చును. ఎండ ముదిరినకొలది అక్షరములు తేటపడును. రంగుల వడపోత లున్నచో లోనికి పోవు కాంతిలో మూడింట రెండువంతులు వానికే చెల్లిపోవును గనుక, రంగులు లేని తెర ఈ పనికి మిన్న. 2002లో వచ్చిన గార్మిన్ 196 పండ్రెండు ఛాయల బూడిదరంగు తెర కలది. చూపునకు ఆకర్షణ లేదు, కాని నడియెండలో చక్కగ చదువనగును. రెండేండ్లకు వచ్చిన 296లో రంగులును, ఎండను తిరుగగొట్టు గుణమును రెండును కలవు. 2010లో ఐప్యాడు వచ్చిన పిమ్మట వెడల్పైన తెర, అగ్గువైన పటములు అందఱ మనసులను లాగికొన్నవి. గాజు కిటికీల చాటున కూర్చుండువారికి అవి మేలైనవే. గాలికి తల ఒడ్డినవారికి అవి చాలవని నా నిశ్చితాభిప్రాయము.

కావున ఇట్టి సాధనమును కొనదలచిన చోదకులకు నా విన్నపమొకటి. దుకాణపు దీపముక్రింద రంగులు చూచి మోసపోకుడు. ఎండవేళ ఆరుబయటికి తెచ్చి, తెల్లచొక్కా తొడిగి, మీరు నిత్యము వాడు నల్లని అద్దములు పెట్టుకొని, తెరను నిలువుగను అడ్డముగను త్రిప్పి చదువుడు. చేతితొడుగులతో బటన్లు నొక్కి చూడుడు. వ్రేలితో తాకిన గాని పలుకని తెర చలిగాలిలో అక్కఱకు రాదు. విమానమున విద్యుత్తు లేనిచో, బ్యాటరీ మీ పెట్రోలు తీరువఱకు నిలుచునో లేదో ముందుగనే తెలిసికొనుడు. సాధనమును త్రాటితో కట్టివేయుడు. చేజాఱినచో అది నేలమీద పడుటకు ముందే తోకను తాకవచ్చును. దానిని కంపాసునకు దూరముగ నిలుపుడు. ఇక కాగితపు పటమును మడచి మోకాలిపలకకు బిగించుట మాత్రము ఏనాడును మానకుడు. అది ఎంతటి యెండలోనైనను చదువవచ్చును, దానికి బ్యాటరీతో పని లేదు.