వైద్యవిద్యలో గ్రంథపాలకుడు

వైద్యవిద్యకు ప్రయోగశాల ఎంత అవసరమో గ్రంథాలయమును అంత అవసరము. 1860 ప్రాంతమున అమెరికాలో జాన్ షా బిల్లింగ్స్ అను వైద్యవిద్యార్థి మూర్ఛరోగమునకు చేయు శస్త్రచికిత్సను గూర్చి వ్యాసము వ్రాయబూని, నెలల తరబడి గ్రంథాలయములను గాలించెను. కావలసినవన్నియు ఒక్కచోట దొరకలేదు.

తరువాత సైనిక వైద్యశాఖ గ్రంథాలయమునకు అధిపతియైన ఆయన, ఆ శ్రమ ఇతరులకు తప్పింపదలచి, 1879లో రాబర్ట్ ఫ్లెచర్‌తో కలిసి ‘ఇండెక్స్ మెడికస్’ అను మాసపత్రికను ప్రారంభించెను. కొత్తగా వెలువడు వైద్యవ్యాసములను విషయములవారీగా చూపు సూచిక అది. 1964 నుండి దానిని కూర్చుటకు కంప్యూటరు తోడ్పడెను.

1971లో గెర్ట్రూడ్ లాంబ్ అను గ్రంథపాలకురాలు కాన్సాస్ నగరమునందలి మిస్సోరీ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో మరియొక అడుగు ముందుకు వేసెను. గ్రంథపాలకులు వైద్యులతోపాటు రోగుల పడకలయొద్దకు వెళ్లి, అచట తలెత్తిన ప్రశ్నలకు తగిన వ్యాసములను వెదకి తెచ్చుచుండిరి. ఆ విధముగా పుస్తకముల కాపరి బోధనలో భాగస్వామి అయ్యెను.

యంత్రము వచ్చిన పిమ్మట ఈ నేర్పు అనవసరమా? 2001లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ఉబ్బసమును గూర్చిన పరిశోధనకై హెక్సామిథోనియం అను మందును పీల్చిన ఆరోగ్యవంతురాలగు యువతి మరణించెను. ఆ మందు ఊపిరితిత్తులకు హాని చేయునను హెచ్చరికలు 1950వ దశకపు వైద్యపత్రికలలోనే కలవు. కాని పరిశోధకులు వెదకిన కంప్యూటరు సూచిక అప్పటికి 1966 వరకే వెనుకకు పోగలిగెను.

‘దొరకలేదు’ అనుటకు ‘లేదు’ అని అర్థము కాదు. ఎచట వెదకితిమి, ఏ కాలమువరకు వెదకితిమి అని తమను తాము ప్రశ్నించుకొనుట విద్యార్థులకు అలవరచుటయే నేటి వైద్యగ్రంథపాలకుని ముఖ్యకర్తవ్యము.