మలబద్ధకము – చెరకు పిప్పి చెప్పు పాఠము

చెరకును ఆడినప్పుడు రసము ఒక వైపునకు, పిప్పి మరియొక వైపునకు పోవును. నిజామాబాదు జిల్లా బోధనులో 1937లో నెలకొల్పబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడువరకు ఈ పని చేయుచుండెను. 100 బండ్ల చెరకు ఆడినచో సుమారు 30 బండ్ల బరువుగల తడిపిప్పి మిగులును. దానిని బాయిలరులో మండించి యంత్రములను నడుపుదురు. తినుటకు పనికిరాదని మనము తీసివేయు ఇట్టి పీచు మన ప్రేగులకు ఎంత అవసరమో తెలిసికొనుటకు వైద్యశాస్త్రమునకు చాల కాలము పట్టినది. మలబద్ధకమును గూర్చిన చరిత్రలో ముఖ్యభాగము ఆ కథయే.

మలబద్ధకము ఒక లక్షణమే కాని ఒక ప్రత్యేకవ్యాధి కాదు. అందరి ప్రేగులు ఒకే విధముగ పని చేయవని మన ప్రాచీనవైద్యులు గ్రహించిరి. చరకసంహిత కోష్ఠమును మృదువు, మధ్యము, క్రూరము అని విభజించినది. బెల్లము, చెరకు రసము, పాలు, ద్రాక్షరసము వంటివాటితోనే మృదుకోష్ఠునకు విరేచనమగుననియు, క్రూరకోష్ఠునకు అవి చాలవనియు అందు కలదు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయలు కలిసిన త్రిఫల నేటికిని మన ఇండ్లలో వాడుకలో ఉన్నది. ఆముదము మరింత పాతది, క్రీ. పూ. 1550 ప్రాంతపు ఈజిప్టు వైద్యగ్రంథమున దాని ప్రస్తావన కలదు. ఆముదములోని రిసినోలిక్ ఆమ్లము ప్రేగుగోడలోని ఏ గ్రాహకముపై పనిచేసి కదలికను కలిగించునో 2012లో మాత్రమే శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

19వ శతాబ్ది చివర ఐరోపాలో ఒక భయము వ్యాపించినది. నిలువయున్న మలమునుండి విషములు రక్తములో చేరి, తలనొప్పి మొదలు ముసలితనము వరకు సర్వరోగములను కలిగించునని ఫ్రెంచి వైద్యుడు బుషార్ మున్నగువారు బోధించిరి. లండనులో ఆర్బత్నాట్ లేన్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు ఈ నమ్మకముతో రోగుల పెద్దప్రేగునే కోసి తీసివేసెను. 1919లో అమెరికా వైద్యుడు వాల్టర్ అల్వారెజ్ ఒక చిన్న ప్రశ్న వేసెను: రక్తములో విషమున్నచో, మలవిసర్జన యైన మరుక్షణమే తలనొప్పి ఎట్లు పోవును? విషము అంత త్వరగా రక్తమును విడువదు కదా! 1922లో డొనాల్డ్‌సన్ ఆరోగ్యవంతుల మలాశయమున దూదిని కూర్చి చూచెను. దూదిలో విషము లేకున్నను అవే బాధలు కలిగినవి. బాధకు కారణము విషము కాదు, మలాశయపు గోడ సాగుటయే. అయినను "కడుపులోని విషమును కడుగవలె"నని తరచు భేదిమందు పుచ్చుకొను అలవాటు నేటికిని కొందరిలో మిగిలియున్నది.

ఇంతలో ఎక్స్‌కిరణములు ప్రేగు లోపలి కదలికను చూపసాగినవి. ఇంగ్లండులో ఆర్థర్ హర్స్ట్ 1909లో ప్రకటించిన గ్రంథమున రెండు స్థితులను వేరుచేసెను. పెద్దప్రేగులో మలము మెల్లగా నడచుట ఒకటి. మలాశయము వరకు సకాలమునకే వచ్చి, అచటనుండి వెలుపలికి పోలేకపోవుట రెండవది. నేటి వర్గీకరణకు ఇది పునాది.

మూడవ మెట్టు 1972లో వచ్చినది. ఉగాండాలో పనిచేసిన డెనిస్ బర్కిట్, తన సహచరులతో కలిసి, ఆహారము నోటనుండి వెలికి వచ్చుటకు పట్టు కాలమును పోల్చెను. ఉగాండా పల్లెవాసులలో అది సుమారు 36 గంటలు. ఇంగ్లండు వసతిపాఠశాలల బాలురలో సుమారు 76 గంటలు. మొదటివారి ఆహారమున పీచు ఎక్కువ. పీచును మన జీర్ణరసములు కరిగింపలేవు. అది నీటిని పట్టియుంచి మలమును మెత్తగాను, పెద్దదిగాను చేయును. పెద్దదైన మలమును ప్రేగు సులభముగా ముందునకు నెట్టగలదు.

ఈ దృష్టితో మన జిల్లాను చూతము. మంజీరపై నిజాంసాగరు 1931లో పూర్తియైన పిదప కాలువల క్రింద వరి, చెరకు విస్తరించినవి. మెట్టపొలముల జొన్న రొట్టె, మక్క గట్క క్రమముగా తగ్గి, తెల్లని అన్నము పెరిగినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల జొన్నలలో సుమారు 10 గ్రాములు, ఎండు మక్కలలో 12 గ్రాములు పీచు కలదు. మరపట్టిన బియ్యములో 3 గ్రాములకు లోపే. చక్కెరలో బొత్తిగా లేదు. బోధను మిల్లు పిప్పిని తీసివేసినట్లే బియ్యపు మిల్లు తవుడును తీసివేయును. నేడు కంఠేశ్వర్ వీధులలోని పట్టణపు కుటుంబములకు ఆ లోటును పప్పులు, ఆకుకూరలు, జామపండ్లు, పొట్టుతోగూడిన ధాన్యము తీర్పవలెను.

వారమునకు మూడుసార్లకంటె తక్కువ విసర్జన, మలము గట్టిపడి ఉండలగుట, ముక్కవలసివచ్చుట, ఇంకను మిగిలినదను భావము – వీనిలో కనీసము రెండు తరచుగా కనిపించుచు మూడు నెలలుగా నిలిచియున్నచో, వేరు రోగమేదియు లేనప్పుడు, దీర్ఘకాల మలబద్ధకమందురు. ప్రతిదినము కాకపోవుట మాత్రమే రోగము కాదు. వైద్యులు దీనిని రెండు తరగతులు చేసిరి. ప్రేగు స్వభావమువలన కలుగునది మొదటిది. అందు ప్రేగు వేగము సరిగానే ఉండుట, మందగించుట, విసర్జన కండరములు సడలవలసినప్పుడు బిగియుట అను మూడు భేదములు కలవు. ఇతరకారణముల వలన వచ్చునది రెండవది: థైరాయిడు లోపము, మధుమేహము, ప్రేగులో అడ్డు, ఇనుము మాత్రలు, నల్లమందు జాతి నొప్పిమందులు మున్నగునవి.

చికిత్సయు ఈ భేదమును అనుసరించియే యుండును. మొదట పీచును మెల్లగా పెంచి, తగినంత నీరు త్రాగి, నడకను అలవరచుకొనవలెను. ఇసబ్‌గోలు పీచు జాతిదే. అది చాలనిచో ప్రేగులోనికి నీటిని లాగు లాక్టులోజు వంటి మందులు, పిదప నేలతంగేడు వంటి ప్రేరకములు. కండరముల దోషమునకు పీచు అంతగా పనిచేయదు, ప్రత్యేకశిక్షణ కావలెను. మలములో రక్తము, కారణము లేక బరువు తగ్గుట, 50 ఏండ్లు దాటినవారిలో క్రొత్తగా వచ్చిన మార్పు కనబడినచో ఆముదముతో కాలయాపన చేయక వైద్యుని చూడవలెను.

ఉపాధ్యాయులకు ఒక మాట. మలవేగమును ఆపరాదని చరకసంహితలో ఒక అధ్యాయమే చెప్పుచున్నది. భోజనము చేసిన కొలదిసేపటికి పెద్దప్రేగు సహజముగా కదలును; ఆ పిలుపును పదేపదే త్రోసిపుచ్చినచో మలాశయము సాగి, పిలుచుటయే తగ్గించును. నీరు, తలుపు, గడియ లేని మరుగుదొడ్డి ఉన్న బడిలో, విశేషముగా బాలికలు, ఉదయమునుండి సాయంత్రమువరకు ఓర్చుకొందురు. నీరు త్రాగుటయు మానుదురు. అట్టి విద్యార్థికి మందుకంటె ముందు కావలసినది శుభ్రమైన మరుగుదొడ్డి, అడిగినప్పుడు బయటకు పోవుటకు అనుమతి.