మూగజీవాలకు విరాళం: నిధుల మార్గాలు, నిబంధనలు, గోవా అనుభవం

వాహనం ఢీకొని రోడ్డు పక్కన పడివున్న కుక్క చిత్రం సామాజిక మాధ్యమాల్లో కనిపిస్తే దాని చికిత్సకు డబ్బు ఇచ్చేందుకు చాలామంది ముందుకు వస్తారు. అదే వీధిలోని మిగతా కుక్కలకు టీకాలు వేయించేందుకు చందా అడిగితే అంతటి స్పందన రాదు. జంతు సంక్షేమ నిధులకు సంబంధించిన అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో వీధి కుక్కలు సుమారు 1.53 కోట్లు, యజమానులు లేని పశువులు 50 లక్షలకు పైగా ఉన్నాయి. ఒక్కో ప్రాణికి విడివిడిగా చికిత్స చేయించి ఇంత పెద్ద సంఖ్యను అందుకోవడం సాధ్యం కాదు. అందువల్ల ఎంత ఇచ్చామన్న దానితో పాటు దేనికి ఇచ్చాం, ఎంతకాలం ఇచ్చాం అన్నవీ ముఖ్యమే.

నేపథ్యం

మూగజీవాలకు వైద్యం అందించడం ఈ నేలకు కొత్త కాదు. మనుషులకు, పశువులకు వైద్య సదుపాయాలు కల్పించినట్లు తెలిపే అశోకుని రెండో శిలాశాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది. గుజరాత్‌లో పాంజ్రాపోల్‌లుగా పిలిచే పశు శరణాలయాలు తరతరాలుగా జైనుల, వర్తకుల దానధర్మాలపై నడుస్తున్నాయి.

ఆధునిక కాలంలో కోల్స్‌వర్దీ గ్రాంట్ 1861లో కలకత్తాలో జంతు హింస నిరోధక సంఘాన్ని స్థాపించారు. మద్రాసులో 1959లో బ్లూ క్రాస్ ప్రారంభమైంది. హైదరాబాద్‌లో నటి అమల అక్కినేని 1992లో బ్లూ క్రాస్‌ను నెలకొల్పారు. రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరండేల్ ప్రతిపాదించిన ప్రైవేటు బిల్లు 1960 నాటి జంతు హింస నిరోధక చట్టానికి బాట వేసింది. ఆ చట్టం కింద 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు.

నిధులు ఎక్కడి నుంచి వస్తాయి?

ప్రభుత్వ సాయం: గుర్తింపు పొందిన సంస్థలకు ఆర్థిక సాయం అందించే అధికారాన్ని చట్టం మండలికి కల్పించింది.

కంపెనీల నిధులు: కంపెనీల చట్టం-2013లోని 135వ సెక్షన్ ప్రకారం నిర్దేశిత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. ఈ నిధులు ఖర్చు చేయదగిన అంశాలను పేర్కొన్న ఏడో షెడ్యూలులో జంతు సంక్షేమం కూడా ఉంది.

వ్యక్తుల విరాళాలు: ఆదాయపు పన్ను శాఖ ఆమోదం పొందిన సంస్థలకు ఇచ్చే విరాళంలో సాధారణంగా 50 శాతానికి, పరిమితులకు లోబడి, మినహాయింపు లభిస్తుంది. దాతలు దీన్ని '80జీ' పేరుతో ఎరుగుదురు. ఇది పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికే వర్తిస్తుంది. రూ.2,000 మించి నగదు రూపంలో ఇచ్చిన విరాళానికి వర్తించదు.

విదేశీ విరాళాలు: విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదైన లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థలే వీటిని స్వీకరించాలి. 2020 సవరణ తరువాత ఈ డబ్బును మరో సంస్థకు బదలాయించే వీలు లేదు. పరిపాలన ఖర్చులు 20 శాతం మించరాదు.

గోవాలో ఏం జరిగింది?

రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ప్రపంచవ్యాప్తంగా రేబిస్ మరణాల్లో సుమారు 36 శాతం భారత్‌లోనే సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల నుంచే వస్తుంది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే వ్యాప్తి ఆగిపోతుంది. అయితే కొత్త కూనలు పుడుతూనే ఉంటాయి కనుక ఈ పని ఏటా జరగాలి.

గోవా ప్రభుత్వం, స్వచ్ఛంద కార్యక్రమమైన 'మిషన్ రేబిస్' కలిసి చేసినది ఇదే. సిబ్బంది వీధివీధికీ తిరిగి, చేతివలలతో కుక్కలను పట్టి, టీకా వేసి అక్కడే వదిలేశారు. ఏ వీధి పూర్తయిందో, ఏది మిగిలిందో మొబైల్ యాప్‌లో నమోదు చేశారు. కుక్కలతో ఎలా మెలగాలో, కరిస్తే వెంటనే ఏం చేయాలో బడిపిల్లలకు నేర్పారు. ఏటా 95 వేలకు పైగా కుక్కలకు టీకా అందింది. కుక్కల్లో నెలవారీ రేబిస్ కేసులు 92 శాతం తగ్గాయని 2022లో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో వెలువడిన అధ్యయనం తెలిపింది. మూడేళ్లుగా మనుషుల్లో రేబిస్ కేసు నమోదు కాలేదని 2021లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. దాతల డబ్బు, ప్రభుత్వ యంత్రాంగం ఏళ్ల తరబడి ఒకే పనిపై నిలిచినందువల్లే ఇది సాధ్యమైంది. కుక్క అంటే భయం తగ్గిన వీధిలో దానిపై రాళ్లు వేసే చేతులూ తగ్గుతాయి.

బతుకుతెరువు పంచుకునే జంతువులు

ఇటుక బట్టీల్లో బరువులు మోసే గుర్రం, గాడిద, కంచరగాడిద జబ్బు పడితే ఆ రోజు యజమాని ఇంట్లో కూలి డబ్బు ఉండదు. 1934లో డొరతీ బ్రూక్ కైరోలో స్థాపించిన ఆసుపత్రి నుంచి ఎదిగిన 'బ్రూక్' సంస్థ భారత్‌లో ఇలాంటి కుటుంబాల మధ్య పని చేస్తోంది. ఉచిత చికిత్సతోనే సరిపెట్టకుండా, యజమానులను సంఘాలుగా కూర్చి, జంతువుల అవసరాలకు పొదుపు చేసుకునేలా ప్రోత్సహిస్తోంది. దాత వెళ్లిపోయాక కూడా సంరక్షణ కొనసాగాలన్నది దీని ఉద్దేశం.

దాతలు అడగవలసినవి

• సంస్థకు జంతు సంక్షేమ మండలి గుర్తింపు ఉందా? 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేపట్టే సంస్థకు మండలి గుర్తింపు తప్పనిసరి.

• స్థానిక సంస్థతో కలిసి పని చేస్తోందా? కుక్కల జనన నియంత్రణ బాధ్యత పురపాలక సంఘాలు, పంచాయతీలదే. స్వచ్ఛంద సంస్థలు వాటికి తోడ్పడతాయి.

• ఒక ప్రాంతంలోని కుక్కల్లో ఎంత శాతానికి శస్త్రచికిత్స, టీకా పూర్తయ్యాయి? మొత్తం సంఖ్య ఒక్కటే చెబితే ఫలితం తెలియదు.

• అర్హత గల పశువైద్యులు, శస్త్రచికిత్స అనంతర సంరక్షణకు గదులు ఉన్నాయా?

• ఆడిట్ చేసిన లెక్కలు, పన్ను మినహాయింపు ధ్రువపత్రం ఇస్తారా?

ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా నెలనెలా అందే చిన్న మొత్తమే సంస్థలకు ఎక్కువ అక్కరకు వస్తుంది. టీకా కార్యక్రమం ఒక ఏడాది ఆగితే అంతకు ముందు పెట్టిన ఖర్చులో చాలా భాగం వృథా అవుతుంది. దాని మూల్యం ఆ వీధి కుక్కలతో పాటు అక్కడ ఆడుకునే పిల్లలూ చెల్లించాల్సి వస్తుంది.